ములగచెట్టు నీడ

కొర్లయ్య మాట ఇచ్చేశాడు. వాడికొచ్చిన చిక్కంతా అదే.

శుక్రవారానికల్లా నీ చేను నీకు అప్పగిస్తామని యోగేశ్వరితో అనేశాడు. గురువుగారిని అడిగాడా? అబ్బే. ఒకళ్లని అడగడమంటే వాడికి నామోషీ.

ఇది శ్రీలంక ఉత్తరాన, యుద్ధం ఆగిన కొత్తలో సంగతి. మిలిట్రీ నుంచి బయటికొచ్చిన శ్రీకాకుళం వాళ్లం కొందరం మందుపాతరలు తీసే పనికి అక్కడికి వెళ్లాం. దండాసిగారు మాకు పెద్ద. సుబేదారుగా చేసి రిటైరైన మనిషి. 'సార్' అని పిలిస్తే పలికేవారు కాదు. 'గురువుగోరూ' అంటే మాత్రం ఎంత దూరాన ఉన్నా తల తిప్పేవారు.

నేను అంబులెన్స్ డ్రైవర్ని, పేరు పోలినాయుడు. తాడు కట్టిన హద్దుకి అవతల బండి పెట్టుకుని, స్ట్రెచర్ దించే అవసరం రాకూడదు దేవుడా అనుకుంటూ పొద్దంతా కూర్చోవడమే నా ఉద్యోగం. 'కూర్చున్న జీతగాడు' అని అందరూ ఏడిపించేవాళ్లు. ఏడిపిస్తే ఏడిపించారు. అలాంటి రోజులు మళ్లీ నాకు రాలేదు.

యోగేశ్వరి మొగుడు యుద్ధంలో పోయాడు. పిల్లల్ని పెట్టుకుని శిబిరంలో టార్పాలిన్ కింద ఉండేది. రోజూ పొద్దున్నే వచ్చి, మా తాడు పట్టుకుని నిలబడి, తన చేను తను చూసుకుని వెళ్లేది. వానలు పడేలోగా వేరుశనగ వేసుకుంటే ఆ ఏడు సొంత తిండి. లేకపోతే మళ్లీ శిబిరంలో గిన్నె పట్టుకుని వరసలో నిలబడాలి. అది చూసి కొర్లయ్య ఉండబట్టలేకపోయాడు. వాడి మనసు మంచిదే, నేను కాదనను.

చేనంతా ఒక ఎత్తు, ములగచెట్టున్న మూల ఒక ఎత్తు. అక్కడ రేకుల పాక ఒకటి కాలి కూలిపోయింది. మట్టి నిండా మేకులూ రేకుముక్కలూ. డిటెక్టర్ అలా ఆనిస్తే చాలు, కీచుమనేది. కీచుమన్న ప్రతిచోటా మోకాళ్ల మీద కూర్చుని, సన్న చువ్వతో పక్కవాటుగా గుచ్చుకుంటూ, మెల్లగా తవ్వి, ఉన్నదేదో బయటికి తీసి చూడాలి. మేకైనా తీయాల్సిందే. గురువుగారి దగ్గర అందులో బేరాల్లేవు.

కొర్లయ్యకేమో తన చెవి మీద మహా నమ్మకం. "ఇది మేకు కూత, అది మైను కూత. ఆమాత్రం నాకు తెల్దేటి?" అనేవాడు. చాలాసార్లు వాడన్నట్టే తేలేది కూడా. గురువుగారు విని ఊరుకునేవారు.

శుక్రవారం రానే వచ్చింది.

"అయిపోయింది గురువుగోరూ," అన్నాడు కొర్లయ్య.

"అంతానా?"

"అంతా."

మా వాళ్లలో ఒక పద్ధతుండేది. చేను అప్పగించే రోజున, చేనుగలవాళ్లు చూస్తుండగా, మేమందరం బూట్లు విప్పేసి లోపలికి వెళ్లి, ఆ నేల మీదే కూర్చుని అన్నం తినాలి. మేము కూర్చున్నాకే వాళ్లు కాలు పెట్టేవాళ్లు. ఆ ఒక్కరోజు నన్నూ లోపలికి రానిచ్చేవారు. ఆ పప్పన్నం, ఆ కొబ్బరికారం, అరికాళ్లకి తగిలే ఆ వెచ్చని మట్టి... ఎక్కడికి పోయాయో అవన్నీ!

యోగేశ్వరి ఆ రోజు తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని, పిల్లల్ని వెంటేసుకుని వచ్చింది. విత్తనాల మూట కూడా తెచ్చుకుంది పిచ్చితల్లి.

మేము చేను నడుమ చతికిలబడ్డాం. గురువుగారు మాత్రం కంచం పట్టుకుని నిలబడే ఉన్నారు.

"ఎండ మాడ్చేస్తోందిరా. ఆ ములగచెట్టు కింద నీడుంది. నేనక్కడ తింటాను," అని అటు నడిచారు. వట్టికాళ్లతో, తీరిగ్గా.

కొర్లయ్య చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

గురువుగారు నడుస్తూనే ఉన్నారు.

"గురువుగోరూ! ఆగండి! అడుగెయ్యకండి!"

అమ్మో, ఆ కేక! నేను కంచం వదిలేసి బండి వైపు పరుగెత్తబోయాను. గురువుగారు కాలిన మట్టికి ఇవతలే ఆగిపోయారు. వెనక్కి తిరగలేదు, ఎందుకని అడగలేదు. నిలబడ్డచోటే కూర్చుని, మెతుకు వదలకుండా తిన్నారు. మాలో ఇంకెవరికీ ముద్ద దిగలేదు.

తిన్నాక చెయ్యి కడుక్కున్నారు. ప్రమాదం ఉన్నచోట హద్దుగా పాతే ఎర్రకర్రలు తెచ్చి కొర్లయ్య చేతికిచ్చారు.

"పాతు. ముందెళ్లి ఆయమ్మకి చెప్పు."

"మీరు చెప్పండి గురువుగోరూ. నాకు మొహం చెల్లదు."

"మాటిచ్చింది నేనేటి?"

కొర్లయ్య వెళ్లాడు. ఇంకొన్నాళ్లు ఆగాలమ్మా అని, వచ్చీరాని తమిళంలో చెప్పాడు. ఆమె దుమ్మెత్తిపోసింది. వాన నీకోసం ఆగుతుందా అంది. నీకూ పిల్లలుంటే తెలిసేది అంది. వాడు అన్నీ పడ్డాడు. చివరికి ఆమె ఏడుస్తూ చెట్టుకేసి చెయ్యి చూపించింది.

"వీళ్ల నాన్న వీళ్లని ఆ నీడలోనే పడుకోబెట్టేవాడు. తాడు విప్పగానే ముందు అక్కడికే పరిగెడతామని పొద్దుటినుంచీ ఒకటే గోల. ఇప్పుడు వీళ్లకేం చెప్పను?"

కొర్లయ్య ఆ పిల్లల వంక చూశాడు. అక్కడే కూలబడ్డాడు. ఎర్రకర్రలు ఒళ్లో పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. అంతటి మనిషి అలా ఏడుస్తుంటే నాకూ కళ్లలో నీళ్లు తిరిగాయి.

మర్నాటి నుంచి వాడు ఆ మూలన మోకాళ్ల మీదే ఉన్నాడు. కూత వినపడ్డ ప్రతిచోటా తవ్వాడు. మబ్బులు పట్టాయి. మేమందరం ఆకాశం కేసి చూసి తిట్టుకునేవాళ్లం. వాడు తలెత్తేవాడు కాదు. పని ముగించేసరికి తొలి జల్లు పడనే పడింది.

ఆ జల్లులోనే తడుస్తూ బకెట్ మోసుకొచ్చి గురువుగారి ముందు పెట్టాడు. అందులో తుప్పు మేకులు, రేకుముక్కలు, వంకరపోయిన గరిటె ఒకటి. అంతే. వాడి చెవి చెప్పింది నిజమే.

"అన్నీ ఇవే గురువుగోరూ," అన్నాడు. గొంతులో కాస్త ఉక్రోషం కూడా ఉంది. "అక్కడ మైను లేదు."

గురువుగారు ఒక మేకు తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, మళ్లీ బకెట్లో వేశారు.

"ఇప్పుడు లేదు," అన్నారు.