గుమ్మడికోన అధికారిక ఎంట్రీ

గుమ్మడికోన అడవిలో జలపాతాలు రెండు, పులులు మూడు, సంఘాలు నలభై. మిగతా ముప్ఫై తొమ్మిది సంఘాలూ ఏం వెలగబెడతాయో ఎవరికీ తెలియదు గానీ, ఆటల ఎంపిక సంఘం మాత్రం ఏడాదికోసారి కూర్చుని, పసిడి పింఛం పోటీకి ఒక నాటకాన్ని ఎంపిక చేసి పంపుతుంది. దాని అధ్యక్షుడు కామేశం అనే నక్క.

పసిడి పింఛం అంటే సామాన్యమైన సంగతి కాదు. సముద్రాల అవతల ఏడాదంతా మంచు కురిసే మంచడవి ఉంది. అక్కడి తెల్ల ఎలుగుబంట్లు ఏటా శీతకాలంలో పెద్ద పండగ చేసి, మంచి నాటకాలకి బంగారు పింఛాలు పంచుతాయి. తమ అడవి నాటకాలకి ఇరవై మూడు పింఛాలు, ప్రపంచంలోని మిగతా అడవులన్నిటికీ కలిపి ఒక్కటి. ఆ ఒక్కదాని కోసం ఎనభై అడవులు కొట్టుకు చస్తాయి. అడవికి ఒక్క నాటకమే పంపాలి, అది సొంత భాషలోనే ఉండాలి, ఒకే నాటకం రెండు అడవుల తరఫున వెళ్ళకూడదు. భాష రాని ఎలుగుబంట్ల కోసం వేదిక పక్కన చిలకలు కూర్చుని ప్రతి మాటకీ అర్థం చెబుతాయి.

గుమ్మడికోన పంతొమ్మిదేళ్ళుగా నాటకాలు పంపుతోంది. పంతొమ్మిదేళ్ళుగా కామేశం వాటి వెంట వెళుతున్నాడు, విందులు ఆరగిస్తున్నాడు, ఉత్త చేతులతో తిరిగొచ్చి ఎలుగుబంట్లకి కళంటే ఏమిటో తెలియదని ఉపన్యాసం ఇస్తున్నాడు. ఈసారి పెద్దపులి దొర ఆయన్ని పిలిపించాడు.

"కామేశం, ఈ ఏడు పింఛం లేకుండా వచ్చావంటే అధ్యక్ష పదవి తోడేలుకి. సెలయేటి పక్క గుహ కూడా వాడికే."

ఆ గుహ కామేశానికి పదవితో వచ్చింది. పదవి పోతే మళ్ళీ పందికొక్కుల వాడలో పాత బొరియకి పోవాలి. పంతొమ్మిదేళ్ళు చల్లటి రాతి మీద పడుకున్న ఒళ్ళు, ఇప్పుడు ఆ ఇరుకులో పడుతుందా? ఈ మాట భార్యకి చెప్పే ధైర్యం కూడా లేక, ఆయన నేరుగా పనిలో పడ్డాడు.

ఆయన పని తీరే వేరు. వచ్చిన నాటకాలు చూసి అందులో మంచిది ఎంచడం అమాయకులు చేసే పని అని కామేశం నమ్మకం. అక్కడ ఏవి గెలిచాయో చూడాలి, అలాంటిదే పంపాలి. నిరుడు గెలిచిన నాటకంలో ఓ ముసలి దుప్పి మంచులో గంటా ముప్పావు నిలబడి, ఒక్క మాటా మాట్లాడకుండా చచ్చిపోయింది. అంతకు ముందు ఏడు ఓ నీటిగుర్రం ఏమీ తినలేదు. కామేశం బాగా ఆలోచించి తేల్చుకున్నాడు. మంచు కావాలి, మౌనం కావాలి, ఆకలి కావాలి.

ఆ ఏడాది పదకొండు నాటకాలు వచ్చాయి. సంఘంలో సభ్యులు ముగ్గురు. గుడ్లగూబ పట్టపగలు జరిగే సమావేశానికి వచ్చి నిద్రపోతుంది. నెమలి ముందు వరసలో కూర్చుని తోక విప్పి ఆ ఈకలే చూసుకుంటుంది, వెనకున్న వాళ్ళకి ఇంకేమీ కనపడదు. దున్న నెమరు వేస్తూ ఉంటుంది కాబట్టి ప్రతి నాటకానికీ తలూపినట్టే లెక్క. అందుకని చూసే భారమంతా అధ్యక్షుడి మీదే పడింది.

పదకొండోది ముళ్ళపంది మంగాయమ్మ నాటకం. పెద్ద కథేమీ లేదు. ఓ తల్లి ముళ్ళపంది తన చంటిపిల్లని ఒళ్ళో పడుకోబెట్టుకోవాలని పొద్దున్నించి సాయంత్రం దాకా పడే పాట్లు, అంతే. ఎటు తిప్పి పడుకోబెట్టినా ముల్లు గుచ్చుకుంటుంది, పిల్ల ఏడుస్తుంది, ఇరుగమ్మా పొరుగమ్మా వచ్చి తలో సలహా పారేసి పోతారు. డప్పులు వాయించింది పక్కనున్న మడ అడవి పీతలు. కామేశం మొదట పెదవి విరుస్తూ కూర్చున్నాడు. కాసేపటికి పొట్ట పట్టుకుని నవ్వాడు. చివరికి పిల్ల ఎలాగో తల్లి ముక్కు మీద తల ఆనించి నిద్రపోయేసరికి, ఆయనకి వాళ్ళమ్మ గుర్తొచ్చి కళ్ళమ్మట నీళ్ళు ధారగా కారాయి.

కళ్ళు తుడుచుకోగానే ఒళ్ళు మండింది. గుమ్మడికోన నక్కని నేను, నాకే ఇంత నచ్చిందంటే అంత ఎత్తున కూర్చున్న ఎలుగుబంట్లకి ఇదేం ఆనుతుంది అనుకున్నాడు. మంగాయమ్మని పిలిచి, ఇందులో చావేదీ, కరువేదీ, నవ్వొచ్చే నాటకానికి పింఛం ఎవరిస్తారని చీవాట్లు పెట్టి పంపేశాడు.

తర్వాత కోతుల బృందాన్ని పిలిచి మంచు నాటకం వేయమన్నాడు. గుమ్మడికోనలో మంచెక్కడిది? బూరుగు దూది బుట్టలకొద్దీ తెచ్చి ఎండాకాలం మిట్టమధ్యాహ్నం వేదిక మీద పోశారు. ఓ ముసలి కొండముచ్చుని దాంట్లో నిలబెట్టి, మాట్లాడకు, గోక్కోకు, మెల్లిగా చావు అన్నారు. పాపం, అది గంటన్నర సేపు తుమ్ము ఆపుకుంది. కామేశం ఆ మొహంలో గొప్ప వేదన ఉందని మెచ్చుకున్నాడు. దున్న తలూపింది. గుమ్మడికోన అధికారిక ఎంట్రీ ఖాయమైంది.

ఆ వారంలోనే మడ అడవి నించి సుభద్రమ్మ అనే కొంగ గుహ గుమ్మంలోకి వచ్చి, తల వంచుకుని ఒంటికాలి మీద నిలబడింది.

"అయ్యా, మాదసలే ఉప్పునీళ్ళ అడివండి. బురద తప్ప ఏముందండి మాకు? పోటీకి పంపడానికి ఓ నాటకం కూడా లేదు. తమరెలాగూ వద్దనుకున్నారు కదా, ఆ మంగాయమ్మ నాటకం మేం పట్టుకెళ్తే తమరికేమైనా అభ్యంతరమా అండి?"

కామేశానికి లోలోపల పండగే అయింది. పోటీలో ఓ అడవి తనంతట తానే ఓడిపోతానంటోంది, పైగా రోజూ గుమ్మం దగ్గర నిలబడి న్యాయం అడిగే మంగాయమ్మ పీడ విరగడవుతుంది. దానికేం భాగ్యం, నిక్షేపంగా పట్టుకెళ్ళమన్నాడు.

సుభద్రమ్మ కదల్లేదు. రేపు గుమ్మడికోన నాటకాన్ని ఎత్తుకుపోయామని నలుగురూ అంటే తమ పరువు పోతుందని, అయ్యగారి చేత్తో ఓ ముక్క రాసిస్తే దాన్ని చూసుకుని బతుకుతామని అడిగింది. రాయడమంటే కామేశానికి మహా సరదా. తాటాకు తీసి గంటంతో రాశాడు: 'ఈ నాటకంలో మా అడవి గాలి లేదు, నీరు లేదు, మట్టి వాసన అసలే లేదు. ఇది గుమ్మడికోన నాటకం కాదని ఇందుమూలంగా ధ్రువీకరించడమైనది.' కింద పంజా ముద్ర కూడా వేశాడు. కొంగ దాన్ని ముక్కున కరుచుకుని, మూడు సార్లు వంగి దండం పెట్టి వెళ్ళిపోయింది.

శీతకాలంలో కామేశం నలభై కుండల తేనెతో మంచడవి చేరాడు. తీరా చూస్తే ఎనభై అడవులవాళ్ళూ తేనే తెచ్చారు. ఎలుగుబంట్లకి అజీర్తి చేసి కషాయాలు తాగుతున్నాయి. అంతకంటే ఘోరం, సగం అడవులు మంచు నాటకాలే తెచ్చాయి. ఎడారి ఒంటెలు ఉప్పు పోసి మంచన్నాయి, కంగారూలు పిండి జల్లాయి. ఎలుగుబంట్లు కిటికీలోంచి బయటి మంచు చూసి, వేదిక మీది మంచు చూసి, ఒకదాని మీద ఒకటి వాలి గురకలు పెట్టాయి. మన కొండముచ్చు చనిపోయే ఘట్టంలో ఆపుకోలేక తుమ్మితే, ఒక్క ఎలుగుబంటి మాత్రం లేచి చుట్టూ చూసి మళ్ళీ పడుకుంది.

ఆ తర్వాత పీతల డప్పు మోగింది. తల్లి ముళ్ళపంది పిల్లని మొదటిసారి ఒళ్ళోకి తీసుకోగానే ఎలుగుబంట్లు ఒక్కొక్కటీ లేచి కూర్చున్నాయి. కాసేపటికి అర్థం చెప్పే చిలకలకే నవ్వాగలేదు. చివర్లో పెద్ద ఎలుగుబంటి ముక్కు చీదుకున్న చప్పుడు హాలంతా వినపడింది. పింఛం మడ అడవికి అని చిలక ప్రకటించింది.

కామేశం ఒక్క గెంతులో వేదిక మీదున్నాడు. మంగాయమ్మ తమ అడవి బిడ్డని, గుమ్మడికోనలో పుట్టిందని, పింఛం న్యాయంగా తమకే రావాలని గుండె బాదుకున్నాడు. పెద్ద ఎలుగుబంటి సుభద్రమ్మ వంక చూసింది. కొంగ రెక్క కింది నించి తాటాకు తీసి చిలకకిచ్చింది. గాలి లేదు, నీరు లేదు, మట్టి వాసన అసలే లేదని చిలక ఎనభై భాషల్లోనూ తీరిగ్గా చదివింది. ఒక్కో భాషకీ ఒక్కో వరస నవ్వింది. కామేశం ఎనభై సార్లూ తల దించుకుని నిలబడ్డాడు.

ఆయన ఇల్లు చేరేసరికి గుమ్మడికోనంతా మామిడి తోరణాలు. పెద్దపులి దొర మంగాయమ్మని 'మన అడవి ఆణిముత్యం' అంటూ గంటసేపు పొగిడి, మెడలో దండ వేయబోతే అది ముళ్ళకి చిక్కుకుని వేలాడింది. అప్పుడు దొరకి ఓ అనుమానం వచ్చింది. ఇంతకీ ఆ నాటకంలో కథేమిటి, మనలో చూసినవాళ్ళు ఎవరని అడిగాడు. గుడ్లగూబ కళ్ళు మూసుకుంది.

"కామేశం బాబుగారు ఒక్కరే చూశారండి" అంది మంగాయమ్మ. "పిల్ల నిద్రపోయే చోట ఏడ్చారు కూడానండి."

దొర ఇటు తిరిగాడు. "నచ్చిందా?"

కామేశానికి తప్పించుకోడానికి సందు లేదు.

"నచ్చింది దొరా."

"మరెందుకు పంపలేదు?"

"నచ్చింది కాబట్టే దొరా" అన్నాడు కామేశం. "నాకు నచ్చింది వాళ్ళకి నచ్చదనుకున్నాను."

సాయంత్రానికల్లా తోడేలు సెలయేటి గుహలో పక్క వేసుకుంది. కామేశం భార్యనీ మూటనీ వెంటబెట్టుకుని పందికొక్కుల వాడలో దిగాడు. మర్నాడు పొద్దున్నే బొరియ పైన దండోరా వినపడింది. వచ్చే ఏటి పోటీకి ముళ్ళున్న తల్లి, ఒళ్ళో పిల్ల ఉన్న నాటకాలే తీసుకోబడునని కొత్త అధ్యక్షుల వారి ఆజ్ఞ. తల బయటపెట్టి చూస్తే, కోతుల బృందం తుమ్మ చెట్టెక్కి వీపులకి కుట్టుకోడానికి ముళ్ళు కోస్తోంది.

నీతి: ఎవరికో నచ్చాలని ఎంచేవాడు, తనకి నచ్చినదాన్నే ముందుగా పారేసుకుంటాడు.