మబ్బు రంగు నీలికి పెళ్ళికొడుకు

అనగనగా, మనుషుల కంటే గొర్రెలు ఎక్కువున్న ఒక ఊళ్ళో, మద్దిలేటి అనే గొర్రెల కాపరి ఉండేవాడు. కాళ్ళు ముడుచుకుని పడుకో కన్నా, చెబుతాను. ఆ మద్దిలేటి భార్య సుంకులమ్మ, కూతురు ఓబులి. ఓబులిది నీ అంత వయసే, నీ అంత అల్లరే.

వాళ్ళకో ఆడకుక్క ఉండేది. దాని పేరు నీలి. నల్లది కాదు, తెల్లది కాదు, ఎర్రది కాదు. వాన కురిసే ముందు కొండ మీద మబ్బు పడుతుందే, ఆ రంగు. ముక్కు కూడా ఆ రంగే. ఎండలో నిలబడితే వీపు మీద నీలం మెరిసేది. చుట్టుపక్కల ఏ ఊళ్ళోనూ అలాంటి కుక్క లేదు. దారిన పోయేవాళ్ళు ఆగి మరీ చూసేవాళ్ళు. వాళ్ళు చూసినప్పుడల్లా మద్దిలేటి మీసం తిప్పేవాడు, ఆ రంగేదో తనే వేసినట్టు.

ఒకరోజు మద్దిలేటికి బెంగ పట్టుకుంది. నీలికి వయసు మీద పడుతోంది. ఇది పోతే ఈ రంగు ఇక కనిపించదు. దీని రంగులో ఒక్క పిల్ల పుడితే చాలు అనుకున్నాడు. వెంటనే తలకు రుమాలు చుట్టుకుని నీలికి పెళ్ళికొడుకును వెతకడానికి బయలుదేరాడు. కుక్కకు సంబంధాలు చూడటమేంటని సుంకులమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది.

అప్పుడు ఏటి అవతలి ఊళ్ళో ఒక ఎర్ర కుక్క దొరికింది. మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న కుక్క. మద్దిలేటి దాన్ని తీసుకొచ్చి, రెండిటికీ నుదుట కుంకుమ పెట్టి, ఒకే పళ్ళెంలో సంగటి పెట్టాడు. ఓబులి బంతిపూల దండ వేస్తే పెళ్ళికొడుకు ఆ దండను నమిలేశాడు. ఊరు ఊరంతా వచ్చి నవ్వుకుంది.

కొన్నాళ్ళకు నీలి పిల్లల్ని పెట్టింది. మద్దిలేటి తొంగి చూశాడు. అన్నీ ఎర్రవీ నల్లవే. మబ్బు రంగు ఒక్కటీ లేదు. ఆయన మొహం మాడిపోయింది. పిల్లలు పాలు మానగానే, అడిగినవాళ్ళకు అడిగినట్టు ఇచ్చేశాడు. ఓబులి ఒక్కో పిల్లనూ ఊరి చివరిదాకా సాగనంపి, ముక్కు చీదుకుంటూ వెనక్కి వచ్చేది.

ఆ తర్వాత మద్దిలేటి బాగా ఆలోచించాడు. నలుపులో తెలుపు కలిపితే బూడిద రంగు వస్తుంది కదా, మరి నీలిలో నలుపు ఎలాగూ ఉంది, తెల్ల కుక్కను తెస్తే సరిపోతుంది అనుకున్నాడు. కుక్కపిల్లలంటే గోడకు కొట్టే సున్నం అనుకున్నాడు పాపం. కొండ కింది ఊరి నుంచి పాల నురగలాంటి తెల్ల కుక్కను తెచ్చాడు. మళ్ళీ కుంకుమ, మళ్ళీ సంగటి. ఈసారి పిల్లలు నలుపు మీద తెల్ల మచ్చలతో పుట్టాయి. ఒక్కటి మాత్రం మచ్చే లేని నలుపు.

ఆ నల్లపిల్ల ఓబులి వెంటే తిరిగేది. ఆమె కూర్చుంటే ఒళ్ళో, లేస్తే కాళ్ళ మధ్యలో. దానికి బొగ్గు అని పేరు పెట్టుకుంది. నాన్న దీన్ని కూడా ఇచ్చేస్తాడని తెలిసి, సజ్జల గంప వెనక దాచింది. దాచి ఏం లాభం, సజ్జల దుమ్ముకు బొగ్గు తుమ్మింది. మద్దిలేటి దాన్ని బయటికి తీసి, ఆ రోజే ఊళ్ళోకి వచ్చిన గాజులమ్మే ఆయన చేతిలో పెట్టాడు. మనింట్లో చోటు మబ్బు రంగు పిల్లకే అన్నాడు.

ఓబులి ఏడవలేదు. నాన్నతో మాట్లాడటం మానేసింది.

అన్నం వేళకు, "అమ్మా, నాన్నను తినడానికి రమ్మను" అనేది. నాన్న ఆ పక్కనే కూర్చుని ఉండేవాడు. సంతలో రిబ్బన్లు కొని తెచ్చి ముందు పెడితే, జడకు కట్టుకోకుండా నీలి మెడకు కట్టింది. చిన్నపిల్ల, రెండు రోజుల్లో మరిచిపోతుందిలే అనుకున్నాడు మద్దిలేటి. వానలు వచ్చి వెళ్ళాయి. చలి వచ్చి వెళ్ళింది. ఇంట్లో మాటలు సగమైపోయాయి. గొర్రెల మధ్య ఒంటరిగా కూర్చుని, కూతురు తనను పిలవడం ఎలా ఉండేదో గుర్తు చేసుకునేవాడు. తప్పయిందని చెబుదామనుకునేవాడు, ఇంటికొచ్చేసరికి గొర్రెల్ని లెక్కపెడుతూ ఉండిపోయేవాడు.

అప్పుడు గొంగళ్ళు అమ్మేవాళ్ళు ఒక కబురు మోసుకొచ్చారు. కొండ అవతల కుమ్మరోళ్ళ ఊళ్ళో అచ్చం నీలి రంగు మగకుక్క ఉందట, ముక్కు నుంచి తోక దాకా అదే రంగట. మద్దిలేటికి ప్రాణం లేచొచ్చింది. నీలిని తీసుకుని బయలుదేరబోతే, ఓబులి రాకుండా అది గడప దాటలేదు. సరేనని సుంకులమ్మ రొట్టెలు మూట కట్టి ఇద్దర్నీ పంపింది.

దారి పొడుగునా ఓబులి నీలితోనే మాట్లాడింది. నాకు కాళ్ళు నొప్పులని నాన్నకు చెప్పవే అనేది. మద్దిలేటి గమ్మున వంగి ఆమెను భుజాల మీద ఎక్కించుకునేవాడు.

ఆ కుక్క ఉన్న ఇల్లు కుమ్మరి కొండమ్మది. వాకిలి నిండా కుండలు ఆరబెట్టి ఉన్నాయి. వాటి పక్కనే, నిజంగానే, బూడిద రంగు కుక్క ఒకటి పడుకుని ఉంది. మద్దిలేటికి కళ్ళు చెమర్చాయి. మా పిల్లను మీవాడికి చేసుకోండమ్మా అని కొండమ్మను బతిమాలాడు. ఆమెకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఈలోగా కుక్క లేచి, ఒళ్ళు విరుచుకుని, ఒక్కసారి గట్టిగా దులుపుకుంది.

వాకిలంతా బూడిద లేచింది కన్నా. మద్దిలేటి దగ్గాడు, నీలి తుమ్మింది, కొండమ్మ కొంగు అడ్డం పెట్టుకుంది. బూడిద దిగేసరికి అక్కడ నిలబడింది నల్ల కుక్క. కుండలు కాల్చిన ఆవంలో, వెచ్చటి బూడిదలో పొర్లడం దానికి అలవాటట.

ఓబులి "బొగ్గూ" అంది. గట్టిగా కూడా అనలేదు. ఆ కుక్క చెవులు నిక్కించి, అక్కడి నుంచే ఒక్క దూకు దూకింది. ఇద్దరూ బూడిదలో దొర్లారు. గాజులాయన నిరుడు దాన్ని తెచ్చి కొండమ్మకే ఇచ్చి పోయాడట.

పెళ్ళికొడుకని వస్తే కొడుకు ఎదురయ్యాడని మద్దిలేటి నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. పైగా వాడికి పెళ్ళయి పిల్లలు కూడా అని నవ్వుతూ, కొండమ్మ వాళ్ళను ఆవం వెనక్కి తీసుకెళ్ళింది. అక్కడ పగిలిన బానలో ఒక నల్ల ఆడకుక్క, దాని చుట్టూ పాలు మానిన పిల్లలు. ఒకటి నలుపు, ఇంకోటి నలుపు, ఆ పక్కది ఇంకా నలుపు. ఒక్కటి మాత్రం మబ్బు రంగు.

మద్దిలేటి నమ్మలేదు. రుమాలుతో తుడిచాడు. ఉమ్మి తడి చేసి తుడిచాడు. చెంబెడు నీళ్ళు పోసి తుడిచాడు. రంగు పోలేదు. కొండమ్మ అత్తగారి కాలంలో ఆ ఇంట్లోనూ అలాంటి కుక్క ఒకటి ఉండేదట, ఈ పిల్లల తల్లి దాని వంశమేనట. రంగంటే అంతే కన్నా, బిడ్డల్లో దాక్కుని మనవల్లో బయటికి వస్తుంది. నా ముక్కు మీ అమ్మకు రాలేదు, నీకు వచ్చింది చూడు.

తాను వద్దన్న నల్లపిల్ల లోపలే, తాను వెతికిన రంగు ఉందన్నమాట. మద్దిలేటి అక్కడే మట్టిలో కూర్చుండిపోయాడు.

కొండమ్మ మంచిది. ఇంత దూరం వచ్చారు, ఒక కుక్కను తీసుకుపొమ్మంది, ఏది కావాలో చెప్పమంది. మబ్బు రంగు పిల్ల మద్దిలేటి రుమాలు కొస పట్టి లాగుతోంది. ఆయన దాన్ని చూశాడు. ఆ తర్వాత, బొగ్గు మెడ చుట్టూ చేతులు వేసుకున్న కూతుర్ని చూశాడు.

"ఆ పెద్ద నల్లోణ్ణి ఇవ్వమ్మా," అన్నాడు. "వాడు నా బిడ్డ కుక్క. నేనే లాక్కుని ఇచ్చేశాను. తప్పు చేశాను."

అప్పుడు ఓబులి తలెత్తింది. బొగ్గును చూసింది, బానలో పిల్లల్ని చూసింది.

"వద్దు నాన్నా," అంది. "వాడు మనతో వస్తే, వీటికి నాన్న ఉండడు కదా."

నాన్నా అన్న మాట విని ఎన్నాళ్ళయిందో. మద్దిలేటి రుమాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. ఆ రుమాలు నిండా బూడిదే. మొహమంతా అచ్చం నీలి రంగైంది. అది చూసి ఓబులి నవ్వింది, కొండమ్మ నవ్వింది, ఎందుకో తెలియకుండానే మద్దిలేటి కూడా నవ్వాడు.

నీకు నచ్చిన పిల్లను ఎంచుకో తల్లీ అన్నాడు. ఓబులి మబ్బు రంగు పిల్లను ఎత్తి, ముద్దు పెట్టి, దించేసింది. ఆమె పాదం మీద తల పెట్టి నిద్రపోతున్న నల్లపిల్ల ఒకటుంది. దాన్ని ఒళ్ళోకి తీసుకుంది. మరి ఆ రంగు కోసమే కదా వచ్చావన్నా అని కొండమ్మ అడిగింది. ఎక్కడికీ పోదులేమ్మా, మీ ఇంట్లో ఉంటే చూసి పోతాను అన్నాడు మద్దిలేటి. నీలి మాత్రం మనవళ్ళందరినీ వరసపెట్టి నాకి, అప్పుడు గానీ లేవలేదు.

మర్నాటి సాయంత్రం సుంకులమ్మ వాకిట్లో జొన్నలు చెరుగుతోంది. మనుషులు కనిపించకముందే మాటలు వినిపించాయి. ఏడాదిగా దాచుకున్న కబుర్లన్నీ ఓబులి ఒక్క ఊపిరిలో చెబుతోంది. మద్దిలేటి ఊ కొడుతున్నాడు. సుంకులమ్మ చేట పక్కన పెట్టి, ఎదురు వెళ్ళకుండా, అక్కడే కూర్చుని వింది.

కథ నడిచె కంచికి,
కుక్కపిల్ల దుప్పటి కిందికి,
నువ్వు జరుగు నా పక్కకి,
నిద్ర వచ్చె కంటికి.