అంచున పోయిన అంకెలు

బందరులో ఒక చిన్న టీవీ చానెల్లో కంప్యూటర్ మీద కదిలే బొమ్మలు చేసే ఫణిధర్ పనిలో దిట్టే కానీ, తన తెర మీద బాగుంటే లోకమంతటికీ బాగున్నట్టేనని అనుకుంటూ ఉండేవాడు.

అంతకుముందు అతను వెబ్‌సైట్లకు బొమ్మలు చేసి పేరు తెచ్చుకున్నాడు. ఇక్కడా అదే సాఫ్ట్‌వేర్‌తో వార్తల్లో వచ్చే పేర్లనూ పటాలనూ గంతులేయించేవాడు. చూసి అందరూ ముచ్చటపడేవారు. వార్తల విభాగం చూసే సత్యవాణి గారికి మాత్రం ఒక పట్టింపు ఉండేది. స్టూడియో మూల ఆవిడ ఒక పాత ఇంటి టీవీ పెట్టించారు. ఇళ్ళలోని టీవీలు బొమ్మ అంచులను కొంత మింగేస్తాయని, అందుకే ఏ బొమ్మైనా ముందు అందులో చూశాకే బయటికి పంపాలని చెప్పారు. ఫణిధర్‌కి ఆ డబ్బా అంటే చిన్నచూపు. ఆవిడ లేనప్పుడు దాని జోలికే వెళ్ళేవాడు కాదు.

ఒక ఏడాది తుఫాను ముంచుకొచ్చింది. పల్లపు వీధుల వాళ్ళకు బస్సులు సిద్ధంగా ఉన్నాయని, కావలసినవాళ్ళు ఫోన్ చేయాలని పొద్దున్నే అధికారుల నుంచి ఒక నంబరు వచ్చింది. సత్యవాణి గారు కలెక్టరాఫీసులో ఉన్నారు. ఫణిధర్ చకచకా పటం గీసి, మేఘాలు తిప్పి, నంబరును కుడి అంచుకు ఆనించి మెరిపించాడు. తన తెర మీద చూసుకుని మురిసిపోయాడు. వెంటనే పంపించేశాడు.

మధ్యాహ్నం దాటాక, పల్లపు వీధిలో ఉండే అతని పెద్దమ్మ ఫోన్ చేసింది.

"ఒరేయ్ ఫణీ, బొమ్మ బాగుందిరా. నంబరులో చివరి అంకెలే కనబడటం లేదు. అవేవో చెప్పు."

ఫణిధర్ ఫోన్ చేత్తో పట్టుకునే లేచాడు. మూలనున్న టీవీ పెట్టి చూశాడు. నిజంగానే చివరి అంకెలు లేవు. తడబడుతూ నంబరు చెప్పాడు.

"నాకైతే నువ్వున్నావు నాయనా," అంది పెద్దమ్మ. "ఈ పల్లపు వీధుల వాళ్ళంతా పొద్దుట్నుంచీ టీవీ ముందే కూర్చున్నారు. వాళ్ళు ఎవర్ని అడుగుతారు?"

అతను అప్పటికప్పుడు నంబరును లోపలికి జరిపి పంపాడు. కానీ ఈలోగా వీధుల్లోకి నీళ్ళొచ్చేశాయి. బస్సులు వీధి మలుపు దగ్గరే ఆగిపోయాయి. జనం పిల్లల్ని భుజాల మీద ఎత్తుకుని నడుము లోతు నీళ్ళలో నడిచి వచ్చారు. ప్రాణాలు దక్కాయి, అంతే. బడిలో పెట్టిన శిబిరానికి ఫణిధర్ వెళ్ళేసరికి పెద్దమ్మ ఒళ్ళో పక్కింటి చంటిపిల్ల జ్వరంతో మూలుగుతోంది. అతను తల ఎత్తలేకపోయాడు.

మర్నాడు ఫణిధరే ఆ పాత టీవీని మోసుకొచ్చి తన బల్ల మీద, కంప్యూటర్ పక్కనే పెట్టుకున్నాడు.

ఎవరి కోసం పని చేస్తామో వాళ్ళ కళ్ళతో ఒకసారి చూసుకున్నాకే ఆ పని పూర్తయినట్టు.