ఊరంతటి వేవిళ్ళు

అనగనగా ఒక ఊరు, ఊళ్ళో నలభై గడపలు, నలభై గడపలకీ ఒక్కతే మంత్రసాని. పేరు సూరమ్మ. రాజుగారికైనా ఎదురు చెప్పేవాళ్ళుంటారేమో గానీ సూరమ్మకి లేరు. కడుపుతో ఉన్నవాళ్ళకి ఆవిడ చెప్పేది ఒకటే మాట. పొట్ట నిండా కూడుంటే బిడ్డకి చోటెక్కడే, బిడ్డ పెరిగితే కాన్పు కష్టమే అని. అందుకని పొద్దున గంజి, రాత్రి చారన్నం, అంతే. ఊఁ కొట్టండర్రా, గోడకి చెబుతున్నట్టుంది నాకు.

ఆ సూరమ్మకో కోడలు, వరాలు. తొలిచూలు బిడ్డ గుప్పెడంత పుట్టి, వారం తిరక్కుండానే పోయింది. సూరమ్మా ఏడ్చింది, చెడ్డదేం కాదు. చిన్నప్పుడు సొంత అక్క కాన్పు కాలేక కళ్ళముందే పోయింది, ఆ భయం ఇంకా వదల్లేదు పాపం. మళ్ళీ వరాలుకి నెల తప్పింది. ఈ బిడ్డయినా నాకు దక్కాలి అని దానికి ఒకటే ధ్యాస. అత్తగారిది మళ్ళీ అదే గంజి.

ఒకరోజు పాకలోకి వెళ్ళి చూసింది కదా, అత్తగారు సూడిగేదెకి తవుడు కలుపుతోంది, తెలగపిండి కలుపుతోంది, పైన బెల్లంముక్క కూడా పెడుతోంది. అదేంటత్తా అంటే, అది ఒట్టి మనిషి కాదే అందిట. వరాలుకి నవ్వూ ఆగలేదు, ఏడుపూ ఆగలేదు. గేదెగా పుట్టినా బాగుండేదనుకుంది.

ఎదురు చెబితే పనవదు. ముల్లుని ముల్లుతోనే తియ్యాలి. సూరమ్మ నమ్మే మాట ఇంకోటుంది. కడుపుతో ఉన్నదాని కోరిక తీర్చకపోతే, పుట్టే బిడ్డకి చెవిలో చీము కారుతుందని. మర్నాడు కాలవ రేవులో వరాలు మంగతాయికి చెప్పింది, మంగతాయి గవరమ్మకి చెప్పింది, గవరమ్మ పైడితల్లికి చెప్పింది, పైడితల్లి ఆదెమ్మకి చెప్పింది. అయిదుగురూ నెల తప్పినవాళ్ళే. అయిదుగురూ ఒకటైపోయారు.

ఇక చూస్కోండి. సోమవారం అయిదిళ్ళలోనూ మునగాకు పప్పు కోరిక. మంగళవారం కోడిగుడ్డు కోరిక. బుధవారం నువ్వులుండ కోరిక. అత్తలు నెత్తి కొట్టుకుంటూనే వండారు, చెవి సంగతి కదా మరి. మంగతాయి మొగుడు తనకీ వేవిళ్ళొచ్చాయి, అరిసెలు కావాలన్నాడు. వాళ్ళమ్మ అట్లకాడ అందుకుంది. గట్టిగా నవ్వకండి, తాతయ్య లేస్తారు.

అంతా బాగానే ఉంది గానీ, ఆదెమ్మ ఇంట్లో గుడ్డు మాట దేవుడెరుగు, పప్పుకే కరువు. దాన్నొదిలేసి మనం తింటే గొంతు దిగుతుందా అనుకుంది వరాలు. అత్తా, అయిదిళ్ళవీ తెచ్చి ఒకే పొయ్యి మీద వండితే, అయిదుగురం వరసగా కూచుని తినాలనుంది అంది. ఇదెక్కడి కోరికే అంది సూరమ్మ. నాదా ఏమిటి, లోపలున్నవాళ్ళనడుగు అంది వరాలు. తెల్లారేసరికి మిగతా నలుగురికీ అదే కోరిక. ఒకరు కందిపప్పు తెచ్చారు, ఒకరు మునగాకు, ఒకరు గుడ్లు, ఒకరు బెల్లం. ఏమీ తేలేక సిగ్గుపడుతున్న ఆదెమ్మ అత్తకి పొయ్యి అప్పజెప్పారు. వంట రోజూ సూరమ్మ వాకిట్లోనే. వింటున్నారా, పడుకున్నారా?

సూరమ్మేం తక్కువదా? అయిదు కడుపులకీ ఒకే కోరికేమిటని రేవుగట్టున పొంచి విన్నది. రేపటి కోరిక కొరమీను అని వరాలు చెబుతోంది. సూరమ్మకి ఒళ్ళు మండిపోయింది. కేకెయ్యబోయి ఆగింది. మొన్నటిదాకా మెట్టెక్కితే ఆయాసపడే మంగతాయి, తడిబట్టల మూట ఎత్తుకుని నవ్వుతూ గట్టెక్కుతోంది. సూరమ్మ తిన్నగా ఇంటికెళ్ళి, ఎవరూ అడక్కముందే కొడుకుని కొరమీనుకి పంపింది.

నెలలు నిండాయి. వరాలు పొట్ట చూసి, నలభై ఏళ్ళుగా చెయ్యి తిరిగిన సూరమ్మే దేవుళ్ళందరికీ మొక్కుకుంది. అక్క గుర్తొచ్చింది. భయపడకత్తా, నాకు బలముంది అంది వరాలు. నిజంగానే ఉంది. బిడ్డ బొద్దుగా పుట్టి, పాకలో గేదె ఉలిక్కిపడేలా కేరుమంది. సూరమ్మ బిడ్డని ఎత్తుకుని, ముందు చెవులు చూసి, తరవాత భోరున ఏడ్చింది. మిగతా నలుగురికీ అలాగే సుఖంగా కాన్పులయ్యాయి.

కొన్నాళ్ళకి పైవీధి నుంచి ఒకావిడ వచ్చి, మా కోడలికి నెల తప్పింది, గంజి ఎంత పొయ్యమంటావు అని అడిగింది. వరాలు తలుపు వెనక నుంచి చెవి ఒగ్గింది. సూరమ్మ తాపీగా చెప్పింది:

"గంజి మాటెత్తకు. అడిగిందల్లా పెట్టు, మా వాకిట్లో వంటకి పంపు. కోరిక తీర్చకపోతే చీము కారేది బిడ్డ చెవిలో కాదొదినా, అత్త చెవిలో. ఇన్నాళ్ళూ నేనే పొరపాటుగా చెప్పాను."

ఆవిడ రెండు చెవులూ తడుముకుంటూ పరుగెత్తింది. వరాలు చెంగు నోట్లో కుక్కుకుంది. ఆనాటి నుంచి ఆ ఊళ్ళో ఏ కోడలూ పస్తుండలేదు. ఒక్కదాని కోరికైతే నస అంటారు, పదిమందిదైతే ఆచారమంటారు, తెలిసిందా?

నా చెవులు చూడండి, ఎంత శుభ్రంగా ఉన్నాయో. కావాలంటే మీ అత్తని, అదే నా కోడల్ని, అడగండి. సరే, కథ కంచి దారి పట్టింది, మనం దుప్పట్ల దారి పడదాం.