అక్షరక్రమంలో ఎనభై ఆరు పేర్లు

"అనుభవం ఉంది మేడమ్, కాదనను. కానీ మీకు వచ్చిన కంప్యూటరు పాతబడిపోయింది" అన్నాడు ఇంటర్వ్యూలో ఒక మేనేజరు. హైమావతి కంటే పదిహేనేళ్లు చిన్నవాడు.

ఆ మాట ఆమెకు గుచ్చుకుంది. గుచ్చుకోదూ మరి! పద్నాలుగేళ్లు ఒక ప్రైవేటు స్కూలు ఆఫీసును ఒంటిచేత్తో నెట్టుకొచ్చిన మనిషి. టీసీలన్నా ఆమే, మార్కుల లిస్టులన్నా ఆమే. ఆ స్కూలు కాస్తా మూతపడింది. బయటికొచ్చి చూస్తే, ఆమె నేర్చిన సాఫ్ట్‌వేరు పేరు చెబితే నవ్వేవాళ్లే గానీ కూర్చోమనేవాళ్లు లేరు. రెండు చోట్ల అదే జవాబు.

ఇంటికొచ్చి ఏడుస్తూ కూర్చోలేదు హైమావతి. మర్నాడు పొద్దున్నే తల దువ్వుకుని, రేపల్లె బజారులో మేడమీదున్న రవూఫ్ మాస్టారి ఇన్‌స్టిట్యూట్ మెట్లెక్కింది.

రవూఫ్ మాస్టారు ఒకప్పుడు టైపు నేర్పేవారు. ఊళ్లో సగం ఆఫీసుల గుమాస్తాలు ఆయన దగ్గర వేళ్లు నొప్పి పుట్టేలా కొట్టినవాళ్లే. టైపు మిషన్ల కాలం చెల్లిపోతే ఆయన ఎవరినీ తిట్టలేదు. అరవై ఏళ్ల వయసులో గుంటూరు వెళ్లి, మనవల ఈడు పిల్లల పక్కన బెంచీ మీద కూర్చుని కంప్యూటరు నేర్చుకొచ్చారు. తక్కువ మాట్లాడే మనిషి. చెప్పాల్సింది ఒకసారి చెప్పి, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని తస్బీ పూసల దండ తిప్పుకుంటూ ఉంటారు.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, హైమావతి నేర్చుకున్న తీరు చూస్తే ముచ్చటేసేది. మొదటి వారం కొత్త మెనూల్లో దారి తెలియక మౌసుతో తడబడింది. రెండో నెలకల్లా మౌసు అవసరమే లేకుండా కీబోర్డు మీద వేళ్లు పరిగెత్తించింది. ఎక్సెల్‌లో ఫార్ములాలు, ఫిల్టర్లు, రంగుల చార్టులు, ఒకటేమిటి! ఇంట్లో కూరగాయల సంచి మీద కూడా గళ్లు గీస్తుందేమోనని కూతురు వేళాకోళం చేసేది. తోటి శిష్యులకు ఏదన్నా అడ్డం పడితే మాస్టారిని లేపకుండా ఆమెనే పిలిచేవారు. ముఖ్యంగా కానిస్టేబులు వీర్రాజు. ప్రమోషను పరీక్ష కోసం చేరిన యాభై ఏళ్ల మనిషి, స్క్రీను మీద ఏదన్నా మాయమైతే చాలు, "అక్కా, దొంగ పారిపోయాడు!" అని కేకేసేవాడు. ఆయన కంటే చిన్నదయినా ఆమె అక్కే.

మూడో నెలలో ఉద్యోగం దొరికింది. ఊరి చివర ధర్మ కంటి ఆసుపత్రిలో, రోగుల వివరాలు చూసే పని. అయితే ఒక మెలిక పెట్టారు.

"ముందు ఒక లిస్టు చేసివ్వండి. అది చూశాకే ఆర్డరు" అంది ఇన్‌చార్జి సిస్టరు గ్రేసమ్మ.

చుట్టుపక్కల ఊళ్లలో శుక్లాల క్యాంపు పెట్టారు. ఎనభై ఆరు మందికి ఆపరేషన్లు రాశారు. ఒక్కొక్కరికీ ఒక చీటీ: నంబరు, పేరు, వయసు, కుడి కన్నా ఎడమ కన్నా. చీటీల కట్ట హైమావతి చేతిలో పెట్టి సిస్టరు మరోమాట చెప్పింది.

"ఏ కంటికి ఆపరేషనో ఆ కంటి పైన, నుదుటి మీద, చిన్న ప్లాస్టరు ముక్క అంటిస్తాం. ఏ వైపు అంటించాలో మీ లిస్టు చూసే. పేర్లు అక్షరక్రమంలో ఉంటే మాకు వెతుక్కోవడం తేలిక. శనివారం అయిదింటికి మా వ్యాను వచ్చి లిస్టు తీసుకెళ్తుంది."

శనివారం మధ్యాహ్నం మూడింటికల్లా లిస్టు తయారు! హైమావతికి కాళ్లు నేల మీద ఆనలేదు. చీటీల నంబర్ల ప్రకారం మొత్తం ఎక్కించింది. తరవాత పేర్ల కాలమ్ పట్టుకుని ఒక్క నొక్కు నొక్కింది, అంతే, ఎనభై ఆరు పేర్లూ బుద్ధిగా అక్షరక్రమంలోకి వచ్చి నిలబడ్డాయి. మధ్యలో కంప్యూటరు ఇంగ్లీషులో ఏదో అడిగింది. దానికి అడగడం అలవాటే కదా, కిందున్న జవాబు మీద నొక్కి సరేననేసింది. పైన లేత నీలం పట్టీ వేసింది. గీతలన్నీ సరిచేసింది. సేవ్ చేసి, మూసేసి, ప్రింటు తీసింది.

కాగితాలు ఇంకా వెచ్చగా ఉండగానే మాస్టారి ముందు పెట్టింది.

"చూడండి మాస్టారూ. స్కూల్లో ఇదే పని నాకు రెండు రోజులు పట్టేది. ఇప్పుడు మేనేజరు గారొచ్చి పాతబడిందనమనండి, చూస్తాను!"

మాస్టారు కళ్లజోడు పెట్టుకున్నారు. మొదటి కాగితం మెల్లిగా చూశారు. రెండో కాగితంలో ఒక గీత దగ్గర ఆయన వేలు ఆగింది. చాలాసేపు అక్కడే ఉంది.

"ఈ దాసరి కోటమ్మ, మన కోటమ్మేనా?"

"మన కోటమ్మే! ఎదురుగా పునుగుల బండి కోటమ్మ. రానంటే రానని మొండికేసింది మాస్టారూ. 'నేనున్నానుగా పిన్నీ, ఆ ఆసుపత్రిలో రేపు పనిచేసేది నేనే' అని చెయ్యి పట్టుకుని క్యాంపుకు తీసుకెళ్లాను."

"మంచి పని చేశావు" అన్నారు మాస్టారు. కాగితాలు బల్ల మీద పెట్టి లేచారు. "అందరూ ఒకసారి వరండాలోకి రండి."

ఎనిమిదిమంది శిష్యులూ బయటికి వచ్చారు. ఏమైందో ఎవరికీ తెలియదు. వరండాలో గోడ వారన అందరి చెప్పులూ ఉన్నాయి, ఎవరు వచ్చిన వేళకు వాళ్లు వరసగా విడిచినవి. ముందొచ్చింది హైమావతి గనక ఆమెవి మొదట. డ్యూటీ దిగి ఆఖర్న వచ్చిన వీర్రాజు బూట్లు చివర.

"చెప్పులను కదపకండి. మీరు మాత్రం పేర్ల వరసలో నిలబడండి. అక్షరక్రమం."

తోపులాటలు, నవ్వులు. అ తో అనసూయ ముందుకెళ్లింది. వ తో వీర్రాజు వెనక్కి జరిగాడు. హైమావతి అందరికంటే చివర.

"బాగుంది. ఇప్పుడు ఎవరి ముందున్న జత వాళ్లు తొడుక్కుని, కోటమ్మ బండి దాకా వెళ్లి, తలా నాలుగు పునుగులు తెచ్చుకోండి."

"ఇదేం పరీక్ష మాస్టారూ!" అన్నాడు వీర్రాజు. ఆయన ముందున్నవి ఒక కాలేజీ అమ్మాయి ఎత్తు మడమల చెప్పులు. గురువు మాట గురువు మాటే. సగం పాదం బయటే ఉండగా రెండడుగులు వేసి గోడ పట్టుకున్నాడు. అనసూయ హైమావతి చెప్పుల్లో కాలు ఇరికించుకుని కుంటుతోంది. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు.

హైమావతి కూడా పకపకా నవ్వింది. వీర్రాజు బూట్లలో ఆమె పాదాలు కనిపించకుండా పోయాయి. ఈడ్చుకుంటూ రెయిలింగు దాకా వెళ్లి కిందికి చూసింది.

కింద కోటమ్మ బాణలి ముందు కూర్చుని పునుగులు తిప్పుతోంది. ఎప్పటిలాగే మెడ పక్కకు వంచి, కనిపించే ఎడమ కన్ను బాణలి వైపు పెట్టి.

"పేర్లు వరసలోనే ఉన్నాయిగా అమ్మా?" అన్నారు మాస్టారు, వెనకనుంచి, మెల్లగా.

హైమావతి నవ్వు ఆగిపోయింది.

బూట్ల వంక చూసింది. వీర్రాజు కాళ్ల వంక చూసింది. బూట్లు అక్కడే వదిలేసి లోపలికి పరిగెత్తింది.

రెండో కాగితం. దాసరి కోటమ్మ. పక్కన వయసు: ముప్పై నాలుగు. కన్ను: ఎడమ.

కోటమ్మకు అరవై దాటి చాలాకాలమైంది. మసకేసింది కుడి కన్ను.

పేర్లు మాత్రమే కదిలాయి. వయసులూ కళ్లూ ఎక్కడివక్కడే ఉండిపోయాయి. కంప్యూటరు అడిగింది అదేనని ఇప్పుడు తెలిసింది: పక్క గళ్లను కూడా వెంట తీసుకెళ్లనా, పేర్లొక్కటేనా? పేర్లొక్కటేనని తనే చెప్పింది, చదవకుండా. వెనక్కి తిప్పడానికి కూడా లేదు, ఫైలు మూసేసింది. "అమ్మో... ఆ ఉన్న ఒక్క కన్నూ..." అంటూ కుర్చీలో కూలబడింది.

ఆసుపత్రిలో డాక్టరు మళ్లీ చూసుకోడా అని మీరనొచ్చు. చూసుకుంటాడేమో. ఆ మాట హైమావతికి తట్టలేదు, తట్టినా ఆమెకు ఊరట కలిగేది కాదు. చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది తను. లిస్టు రాసింది తను.

గోడ గడియారం మూడున్నర దాటింది.

"సిస్టరుకు ఫోను చేసి, నాకు ఈ ఉద్యోగం వద్దని చెప్పేస్తాను మాస్టారూ. ఆ మేనేజరు అన్నది నిజమే. నాకేమీ రాదు."

మాస్టారు చీటీల కట్టకున్న రబ్బరు బ్యాండు తీసి, మొదటి చీటీ ఆమె ముందు పెట్టారు. వెళ్లి తన కుర్చీలో కూర్చున్నారు.

హైమావతి ఆ చీటీ దగ్గరికి లాక్కుంది. తరవాత ముక్కు చీదుకుని, కొంగుతో మొహం తుడుచుకుని, ఫైలు తెరిచింది. వయసులూ కళ్లూ ఇంకా చీటీల వరసలోనే ఉన్నాయి. పేర్లను మళ్లీ చీటీల నంబర్ల ప్రకారం మొదటినుంచి కొట్టింది. ఇంతకుముందులా వేళ్లు పరిగెత్తలేదు. ఒక్కో పేరూ కొట్టి, పక్కనున్న వయసూ కన్నూ చీటీతో సరిచూసి, అప్పుడు కిందికి దిగింది. అంతా అయ్యాక లిస్టు మొత్తం పట్టుకుని అక్షరక్రమం నొక్కింది. కంప్యూటరు ఈసారేమీ అడగలేదు. అయినా ఆమె స్క్రీను వంకే నిమిషంసేపు చూసింది. ఒక్కో మనిషీ తన వయసుతో, తన కన్నుతో కలిసి కదిలాడు.

రంగు పట్టీ వేయలేదు. ప్రింటు తీసింది. అయినా ఊరుకోలేదు.

"వీర్రాజు గారూ, ఒక్క సాయం. చీటీలు మీరు చదవండి, నేను లిస్టులో వెతికి టిక్కు పెడతాను."

"అదెంత పని అక్కా" అని వీర్రాజు హాజరు పిలిచే గొంతు అందుకున్నాడు. "ఒకటి! మేకల సువార్తమ్మ! యాభై ఎనిమిది! ఎడమ!"

"ఎడమ" అంది హైమావతి. పెన్నుతో టిక్కు పెట్టింది.

అలా ఒక్కొక్కటీ. అనసూయ ఇంటికి వెళ్లాల్సింది, వెళ్లకుండా చదివిన చీటీలను నంబరు తప్పకుండా పేరుస్తూ కూర్చుంది. నలభై మూడో చీటీ వచ్చింది.

"దాసరి కోటమ్మ! అరవై ఏడు! కుడి!"

హైమావతి "కుడి" అంది. టిక్కు పెట్టింది. తరవాతి చీటీ చదవమంది.

అయిదయింది. కింద వ్యాను హారను మోగింది. వీర్రాజు చేతిలో ఇంకా పద్దెనిమిది చీటీలున్నాయి. హైమావతి తల ఎత్తలేదు.

హారను మళ్లీ మోగింది. ఎవరో ధబధబా మెట్లెక్కి వచ్చారు. ఆసుపత్రి డ్రైవరు ఏసోబు.

"లిస్టు అయిందా సార్? సిస్టరమ్మ తొందరపెడుతోంది. ఇక్కడెవరో కంప్యూటరు నేర్చుకుంటున్నావిడ దగ్గరుందని చెప్పింది."

మాస్టారు లేచి గుమ్మంలోకి వెళ్లారు. తలుపుకు అడ్డంగా నిలబడ్డారు. ఆ గొంతులో అంత గర్వం శిష్యులెవరూ అంతవరకూ వినలేదు.

"కాస్త కూర్చో నాయనా. లోపల మీ ఆసుపత్రి ఉద్యోగి పనిలో ఉంది."