జమీందారు గారి బండిశాల గచ్చు

మల్లవరం జమీందారు బండిశాలలో సున్నపు గచ్చు వేయించి, ఎర్ర తామరపూలు దిద్దించి, అద్దంలా నున్నగా చేయించాడు. గుర్రబ్బండి తోలే గవరయ్యను పిలిచి, "దీని మీద చక్రం మోపావో, నీ కొలువు ఊడినట్టే! నా కొత్త బండి మీద చినుకు పడినా అంతే!" అన్నాడు.

సాయంత్రానికి ఆకాశం నల్లబడింది.  గవరయ్య కాసేపు ఆలోచించి, బండిని తిన్నగా దివాణం చావడిలోకి తోలేశాడు. గుర్రం అక్కడ పరిచిన పట్టుపరుపును వాసన చూసింది.

"మతి గాని పోయిందేమిట్రా?" అని జమీందారు గర్జించాడు.

"గచ్చు మీద చక్రం పడకూడదు, బండి మీద చినుకు పడకూడదు. ఇంత పెద్ద కప్పు ఊళ్ళో ఇంకెవరికుంది దొరా? ఇంతకీ గుర్రానికి గడ్డి ఎక్కడ వేయమంటారు?"

గుర్రం పరుపు కొరకబోయింది.

"బండిశాలలోనే వెయ్యి!" అంటూ జమీందారే పరుగున వెళ్ళి బండిశాల తలుపులు బార్లా తెరిచాడు.