పల్లానికి దిగిన చలి

నీలాచలం గురువుగారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే సూటిగా జవాబు చెప్పరు. "మీ తోట ఎలా ఉంది?" అంటారు. చింతపల్లి కొండల్లోని ఆ ఆశ్రమంలో శిష్యులందరికీ తలా నాలుగు మళ్లు ఉండేవి కాబట్టి, ఆ మాట నుంచి ఎవరూ తప్పించుకోలేరు.

శిష్యుల్లో ఒకరైన కూర్మారావు మాస్టారు ఒకనాడు తెచ్చింది ప్రశ్నలాంటి తీర్పు.

"పైడయ్యను సోమవారం జీపులో కొండ దింపేయండి గురువుగారూ. వచ్చి నెల్లాళ్లయింది. ఒక్కనాడు ప్రార్థనకు లేవడు, ఒక్క పని ముట్టుకోడు. భార్య పోయిందంటాడు. నాకు పోలేదా? పదమూడు రోజులు కాగానే బడికెళ్లి పాఠం చెప్పాను. ఒకే దెబ్బ తిన్న ఇద్దరిలో ఒకడు లేచి, ఇంకొకడు లేవకపోతే తప్పెవరిది?"

"మీ తోట ఎలా ఉంది మాస్టారూ?"

తోట ఆయన గర్వం. భీమిలిలో ముప్పై ఏళ్లు భూగోళం చెప్పిన మనిషి. పటంలో భీమిలీ, చింతపల్లీ ఇంచుమించు ఒకే అక్షాంశం మీద ఉంటాయి. ఒకే గీత, ఒకే సూర్యుడు, ఒకే పగలు. అక్కడ కాసిన టమాటా ఇక్కడ కాయక ఎక్కడికి పోతుందని ఆయన ధీమా. ఇంటి నుంచి నారు తెప్పించి, వాగు పక్కన నల్లమట్టి పల్లంలో నాటారు. పై వాలులో రాజ్‌మా చిక్కుళ్లు వేసుకునే గిరిజన రైతు గెమ్మెలి చిన్నమ్మి "అక్కడొద్దు బాబూ" అని రెండుసార్లు చెప్పింది. పటం ముఖం చూడని మనిషి మాట మాస్టారి చెవికి ఎక్కుతుందా?

మర్నాడు తెల్లవారేసరికి గడ్డి మీద ఉప్పు చల్లినట్టు మంచు పేరుకుపోయి ఉంది. ఎండ పడగానే టమాటా ఆకులు ఉడికిన తోటకూరలా నల్లగా వేలాడిపోయాయి. పైన చిన్నమ్మి చిక్కుళ్లు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి. మాస్టారికి ఏడుపొక్కటే తక్కువ.

"నూరడుగుల దూరం లేదు! అక్కడికో చలీ ఇక్కడికో చలీనా?"

"సలి కూడా నీళ్లలాగే పల్లానికి దిగిపోతాది బాబూ," అంది చిన్నమ్మి. "వాలు మీద నిలవదు. గుంటలో పడితే ఇంక కదల్దు."

మాస్టారు ఉక్రోషంతో వంగి ఒక మొక్కను పీకబోయారు. చిన్నమ్మి గబగబా దిగివచ్చి అడ్డం నిలబడింది.

"పీకీకండి! అవేటి సేస్తాయి? మీరు నాటిన కాడే కదా ఉన్నాయి. మొదల్లో పచ్చి ఉంది సూడండి. పొద్దోయే యేళకి గడ్డి కప్పండి, ఎండొచ్చినాక తీసీండి."

ఇష్టం లేకపోయినా కప్పారు. రోజూ సాయంత్రం కప్పడం, పొద్దున తీయడం. ఆదివారం నాటికి రెండు మొక్కల మొదట్లో గోరంత చిగురు కనిపించింది. అది చూసి మాస్టారికి పట్టరాని సంతోషం కలిగింది, ఆ వెంటనే ఏదో మనసులో ముల్లులా గుచ్చుకుంది. ఆ ముల్లును పట్టించుకోకుండా గురువుగారి దగ్గరికి నడిచారు.

"మొక్కల సంగతి వేరండీ. మనిషన్నాక కాస్త మనోబలం ఉండాలి. రేపు జీపు వస్తుంది. పైడయ్య విషయం ఏం చేద్దాం?"

ఈసారి గురువుగారు తోట గురించి అడగలేదు.

"మీ ఇల్లాలు పోయినప్పుడు ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగించారు మాస్టారూ?"

"మా అక్క వచ్చిందండి. పెద్దకోడలైతే మూడు నెలలు మా దగ్గర్నుంచి కదల్లేదు. నేను బడి నుంచి వచ్చేసరికి గుమ్మంలోనే కాఫీ పట్టుకుని..."

మాస్టారు తలతిప్పి పల్లంలోని తన మొక్కల వైపు చూశారు.

"పైడయ్య ఇంట్లో పొయ్యి భార్య పోయిన నాడే ఆరింది," అన్నారు గురువుగారు. "ఇంకా ఎవరూ వెలిగించలేదు."